రాయి పుట్టుక అడగండి

ఏరుల పుట్టుక, శూరుల పుట్టుక అడగకూడదని పెద్దల మాట. మనుషుల విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. రాయి విషయంలో మాత్రం పుట్టుక అడగకుండా పని మొదలుపెట్టకూడదు.

నేను భూగర్భశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి. తరగతి గదిలో చెప్పింది కొంతే. పిల్లల్ని వెంటబెట్టుకుని కొండలూ వాగులూ క్వారీలూ తిరుగుతూ చెప్పిందే ఎక్కువ. ఉద్యోగం అయిపోయాక కూడా ఇల్లు కట్టుకునేవాళ్లు, బోరు వేయించుకునే రైతులు, కొత్తగా సైటులో చేరిన ఇంజనీరు కుర్రాళ్లు వచ్చి అడుగుతూనే ఉన్నారు: ‘మాస్టారూ, ఏ రాయి మంచిది?’

చెడ్డ రాయంటూ ఏదీ లేదు. తగని చోట పెట్టిన రాయి ఉంటుందంతే. ఏది ఎక్కడ తగుతుందో తెలియాలంటే అది ఎలా పుట్టిందో తెలియాలి. తెలుగువాళ్ల ఇళ్లలో రోజూ కాలికీ చేతికీ తగిలే రాళ్లు రెండు. వంటగట్టు మీద గ్రానైట్, నేల మీద నాపరాయి. మొదటిది నిప్పులో పుట్టిన అగ్నిశిల. రెండోది నీటి అడుగున పేరుకున్న అవక్షేప శిల. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగా నాకు తెలిసివచ్చినవి కొన్ని పాఠాలుగా రాస్తున్నాను.

1. రంగు చూసి రాయిని నమ్మవద్దు

రాళ్ల దుకాణానికి వెళితే అందరి చూపూ ముందు రంగు మీద పడుతుంది. నలుపు, బూడిద, ఎరుపు, పసుపు. రంగు చెప్పేది చాలా తక్కువ. పాలిష్ చేసిన కడప నల్లబండనూ, ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైటునూ పక్కపక్కన నిలబెడితే దూరం నుంచి రెండూ నలుపే. దగ్గరికి వెళ్లి చూడండి. చీమకుర్తి రాయిలో బంగారు రజను చల్లినట్టు చుక్కలు మెరుస్తాయి. అవి బ్రాంజైట్ అనే ఖనిజపు స్ఫటికాలు. అందుకే ఆ రాయికి బజారులో బ్లాక్ గెలాక్సీ అని పేరు. కడప బండలో ఆ మెరుపు ఉండదు. మట్టిరేణువంత సన్నని పదార్థం ఒకే తీరుగా పరుచుకుని ఉంటుంది, ఎందుకంటే అది సున్నపురాయి.

ఇంకో మాట. వ్యాపారంలో గ్రానైట్ అని అమ్మేదంతా శాస్త్రం చెప్పే గ్రానైట్ కాదు. చీమకుర్తి రాయి గాబ్రో జాతికి చెందింది. నిప్పులో పుట్టినదే గానీ దాని ఖనిజాలు వేరు. అమ్మేవాళ్లు పేరు చెబుతారు. దాని జాతి ఏమిటో కొనేవాళ్లే కనుక్కోవాలి.

2. నెమ్మదిగా చల్లారిన రాయికే పెద్ద స్ఫటికాలు

భూమి లోపల కిలోమీటర్ల లోతున కరిగిన శిలాద్రవం పైకి రాలేక అక్కడే నిలిచిపోయి, లక్షల ఏళ్ల పాటు వేడి వదులుతూ గట్టిపడితే గ్రానైట్ అవుతుంది. పటికబెల్లం ఎలా చేస్తారో చూసినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పాకాన్ని కదపకుండా, తొందరపెట్టకుండా చల్లారనిస్తేనే పెద్ద పలుకులు కడతాయి. గ్రానైట్ కథా అదే. అందులో కంటికి కనిపించే పలుకులు మూడు రకాలు. గాజుముక్కలా బూడిదరంగులో ఉండేది క్వార్ట్‌జ్, మనం పలుగురాయి అనేది అదే. తెల్లగానో గులాబీరంగులోనో ఉండి వెలుతురులో తిప్పితే నున్నటి ముఖం తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. నల్లగా రేకులు రేకులుగా ఉండేది అభ్రకం. ఇవి ఒకదానిలో ఒకటి చొచ్చుకుని పెరగడం వల్ల మధ్యలో ఖాళీ మిగలదు. గ్రానైట్ బలమంతా ఆ పట్టులోనే ఉంది.

శిలాద్రవం నేల మీదికి పొంగి గాలికి త్వరగా చల్లారితే పలుకులు కట్టే వ్యవధి ఉండదు. అలా పుట్టినదే బసాల్ట్. వికారాబాద్ వైపు, ఆదిలాబాద్ వైపు కనిపించే దక్కన్ నల్లరాయి అదే. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట లావా పొరలు పొరలుగా పారి ఏర్పడింది. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. రెండూ అగ్నిశిలలే. చల్లారిన తీరు వేరు, వయసు వేరు, వాటి నుంచి వచ్చిన నేల కూడా వేరు. బసాల్ట్ నలిగితే నల్లరేగడి అవుతుంది, పత్తికి పెట్టింది పేరు. గ్రానైట్ నలిగితే ఎర్ర చల్క నేల అవుతుంది. వాన పడగానే తాగేస్తుంది, అంతే త్వరగా ఆరిపోతుంది. రైతు తన చేలో ఏ పంట వేయాలన్నది ఆ రాయి ఎలా పుట్టిందన్న దాకా వెళుతుందంటే నా విద్యార్థులు మొదట నమ్మేవారు కాదు. రెండు నేలల మట్టినీ చేతిలోకి తీసుకుని తడిపి చూశాక నమ్మేవారు.

3. పొరను చదవడం నేర్చుకోండి

నాపరాయి పుట్టుక వేరు. కడప, కర్నూలు ప్రాంతాలు, పల్నాడు ఒకప్పుడు సముద్రం కింద ఉండేవి. ఆ సముద్రపు అడుగున సున్నపు బురద పేరుకుంది. దాని మీద ఇంకో పొర, దాని మీద మరొకటి. పైబరువుకు నీరు పిండుకుపోయి అది రాయి అయింది. కడప బేసిన్ అని మేము పిలిచే ఈ ప్రాంతం సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు. దీని మీద విలియం కింగ్ రాసిన గ్రంథం 1872లో అచ్చయింది.

బేతంచెర్ల, తాండూరు వైపు క్వారీలో పనివాళ్లు బండలు తీయడం చూడండి. గ్రానైట్ క్వారీలో మాదిరి తీగరంపాలూ పెద్ద యంత్రాలూ అక్కర లేకుండానే, పొర దొరికిన చోట గడ్డపార దూర్చి లేపితే పలక లేస్తుంది. ఆ పలక మందాన్ని నిర్ణయించింది పనివాడు కాదు. ఆనాటి సముద్రపు అడుగున బురద పేరుకోవడంలో వచ్చిన విరామాలు.

పొరలో ఇంకా చాలా ఉంటాయి. కడప బేసిన్ ఇసుకరాళ్ల మీద అలల గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయి. లోతు తక్కువ నీటిలో కెరటం ఇసుకను ఎలా దువ్వుతుందో అలాగే గట్టిపడిపోయాయి. గండికోటలో పెన్న కోసిన లోయ అంచున నిలబడి ఎదురుగా చూస్తే పొరలన్నీ వరసగా, దాదాపు అడ్డంగా కనిపిస్తాయి. అడుగున ఉన్నది పాతది, పైనున్నది కొత్తది. గ్రానైట్‌లో ఇలా పైకీ కిందికీ చదువుకుంటూ పోవడానికి వీలుండదు.

ఒక జాగ్రత్త. కొన్ని నాపబండల మీద ఫెర్న్ ఆకుల్లాంటి నల్లని గీతలు కనిపిస్తాయి. చాలామంది వాటిని మొక్కల శిలాజాలనుకుని దాచుకుంటారు. అవి పొరల మధ్యలోకి ఊరిన నీరు వదిలి వెళ్లిన మాంగనీసు చారలు. కర్నూలు సున్నపురాళ్లు ఏర్పడిన నాటికి నేల మీద ఆకు అనేదే లేదు.

4. నోటిమాట వద్దు, పరీక్ష చేయండి

రాయి జాతి తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక భూతద్దం, ఒక ఇనుప మేకు, చిన్న సీసాలో పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు.

మొదట పగిలిన ముఖాన్ని భూతద్దంతో చూడండి. పాలిష్ చేసిన ముఖం కాదు, పగిలినదే చూడాలి. పలుకులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటే నిప్పులో పుట్టినదని అనుకోవచ్చు. గుండ్రటి రేణువులు ఏదో బంకతో అతుక్కున్నట్టుంటే ఇసుకరాయి. రేణువులే కనిపించనంత నున్నగా, పొరలుగా ఉంటే నాపరాయి కావచ్చు.

తరవాత మేకుతో గీయండి. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో సున్నపురాయిలోని కాల్సైట్ 3 దగ్గర ఉంటుంది, ఫెల్డ్‌స్పార్ 6 దగ్గర, క్వార్ట్‌జ్ 7 దగ్గర. ఇనుప మేకు 5కు అటూఇటూ. అందుకని నాపరాయి మీద మేకు గీత పడుతుంది, తెల్లటి పొడి లేస్తుంది. గ్రానైట్ మీద పడేది మేకు అరిగిన మరక. తుడిస్తే పోతుంది. ఆ మరకనే గీత అనుకుని చాలామంది పొరబడతారు. వేలితో రుద్ది చూడండి.

చివరగా చేతికి తొడుగు వేసుకుని ఒక చుక్క ఆమ్లం వేయండి. సున్నపురాయి బుసబుసమని పొంగుతుంది. అది బొగ్గుపులుసు వాయువు బయటికి రావడం. గ్రానైట్ ఉలకదు, పలకదు. పొంగీ పొంగనట్టుంటే ఆ చోట కాస్త గీకి పొడి మీద మరో చుక్క వేయండి. అప్పుడు పొంగితే డోలమైట్ అయి ఉంటుంది.

ఈ మూడింటిలో ఏ ఒక్కదానితోనూ తీర్పు చెప్పవద్దు. ఇసుకరాయిలోనూ క్వార్ట్‌జే ఉంటుంది కాబట్టి మేకు పరీక్ష ఒక్కటే చేస్తే అది గ్రానైట్‌లా అనిపిస్తుంది. మూడూ కలిపి చూస్తేనే నిజం తేలుతుంది.

5. వంటగట్టుకు ఒకటి, నేలకు ఇంకొకటి

ఆ ఆమ్లపు చుక్క చేసిన పనినే మన వంటింట్లో నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ రోజూ చేస్తాయి. మెల్లగా చేస్తాయి, అంతే తేడా. పాలిష్ చేసిన నాపబండను వంటగట్టుగా వేయిస్తే కొన్నాళ్లకే నిమ్మరసం పడిన చోటల్లా మెరుపు పోయి మచ్చలు తేలతాయి. రుద్దినా పోవు, ఎందుకంటే అవి అంటిన మరకలు కావు. అక్కడ రాయే కొంత కరిగిపోయింది. వంటగట్టుకు గ్రానైట్ వేయడం ఆడంబరం కాదు, రసాయనశాస్త్రం చెప్పిన సలహా.

అలాగని నాపరాయిని తీసిపారేయకండి. తాండూరు, బేతంచెర్ల, మాచర్ల బండలు తరాల తరబడి మన వసారాల్లో, బడుల్లో, ధాన్యం కొట్టాల్లో పడి ఉన్నాయి. ఒకే మందాన పలకలుగా వస్తాయి కాబట్టి పని సులువు, ఖర్చు తక్కువ. మామూలు నీళ్లతో తుడుచుకుంటూ ఉంటే అడుగుల ఒరిపిడికి తమంతట తామే నునుపెక్కుతాయి. వాటికి పెద్ద శత్రువు మరుగుదొడ్డి కడిగే ఆమ్లపు ద్రావణం. దానితో నాపనేల కడగవద్దని ఇంట్లో పనిచేసేవారికి ముందే చెప్పండి.

వాకిట్లో, మెట్ల మీద వేసే గ్రానైట్ అద్దంలా పాలిష్ చేయించకండి. వాన పడితే పెద్దవాళ్లు జారిపడతారు. మంటతో కాల్చి గరుకు చేసిన గ్రానైట్ అడగండి. వేడికి క్వార్ట్‌జ్ ఉబ్బి పైపొర చిట్లడం వల్ల ఆ గరుకుదనం వస్తుంది.

6. నీళ్లు రాయిలో ఉండవు, రాయి సందుల్లో ఉంటాయి

తెలంగాణలోనూ రాయలసీమలోనూ గ్రానైట్ నేల మీద బోరు వేయించే ప్రతి రైతుకూ ఈ మాట చెబుతాను. గ్రానైట్ పలుకుల మధ్య ఖాళీ లేదని పైన అన్నాను. ఖాళీ లేకపోతే నీరు నిలవడానికి చోటెక్కడ? పైన మెత్తబడిన మొరం పొరలో కొంత, దాని కింద బండలో పడిన పగుళ్లలో కొంత. అంతే. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు బిగుసుకుపోతాయి. అప్పు తెచ్చి ఇంకా లోతుకు, ఇంకా లోతుకు వేయించి గుల్లయిపోయిన కుటుంబాలను నేను చూశాను. లోతు పెరిగితే నీళ్లు వస్తాయన్నది గ్రానైట్ విషయంలో చెల్లదు.

గోదావరి లోయలోని ఇసుకరాయి అలా కాదు. రేణువుల మధ్య సందుల్లో నీరు ఊరి నిలుస్తుంది. సున్నపురాయి ఇంకో రకం. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు పగుళ్లలోకి దిగి రాయిని కరిగించి సొరంగాలు చేస్తుంది. నంద్యాల జిల్లా బెలుం గుహలు అలా ఏర్పడినవే. కొలిచినంత మేర 3,229 మీటర్ల పొడవు. అలాంటి నేలలో ఒక బోరు పొంగిపొర్లవచ్చు, పది గజాల దూరంలో ఇంకొకటి ఎండిపోవచ్చు. ఇంకో అపాయం ఉంది. ఇసుక వడకట్టినట్టు సొరంగం నీటిని వడకట్టదు. పైన పెంటకుప్ప ఉంటే ఆ మురికి నేరుగా బోరులోకి దిగుతుంది.

కాకతీయుల కాలంలో ఊరూరా చెరువులు ఎందుకు తవ్వారో ఇప్పుడు ఆలోచించండి. కింద గ్రానైట్ నీటిని దాచుకోదు. అందుకే నేల మీదే దాచుకున్నారు. గొలుసుకట్టు చెరువులు నిండి ఉన్నంత కాలం మొరం పొర తడిగా ఉంటుంది, బావిలో ఊట ఉంటుంది. చెరువు పూడ్చి బోరు వేసేవాడు తన నీటి మూలాన్ని తానే మూసేస్తున్నాడు.

7. నీటి గుణంలోనూ రాయి పుట్టుక ఉంటుంది

గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. నీరు ఏళ్ల తరబడి ఆ రాయిని ఒరుసుకుంటూ నిలిస్తే ఫ్లోరైడ్ నీళ్లలోకి చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకూ ఎముకలకూ చేటు. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో లోకానికి చెప్పింది మన దగ్గరి నుంచే, అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాల నుంచి. నల్లగొండ జిల్లా పడిన కష్టం అందరికీ తెలుసు. వంగిన నడుములు, తిరగని మెడలు చూసినవాళ్లెవరూ దాన్ని మరిచిపోలేరు.

సున్నపురాయి నేలలో చిక్కు ఇంకో రకం. నీళ్లలో కాల్షియం ఎక్కువై గట్టినీళ్లవుతాయి. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. చికాకే, కానీ ఫ్లోరైడంతటి ప్రమాదం కాదు. కాబట్టి కొత్త బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయని మురిసిపోయి తాగేయకండి. ఫ్లోరైడ్‌కు రుచీ రంగూ వాసనా ఉండవు. పరీక్ష చేయించాకే చిన్నపిల్లలకు తాగించండి.

8. శిల్పి ముందే కనిపెట్టాడు

రాళ్ల జాతుల గురించి పుస్తకాలు రాకముందే మన శిల్పులకు ఇదంతా తెలుసు. అమరావతి స్తూపానికి వాళ్లు ఎంచుకున్నది పల్నాటి సున్నపురాయి. మెత్తన, సన్నటి రేణువు, ఉలి ఎటు తిప్పితే అటు లొంగుతుంది. అందుకే బెత్తెడు జాగాలో ఏనుగు, జనం, వాళ్ల ముఖాల్లో భావం కూడా పట్టగలిగారు. నాగార్జునకొండ శిల్పాలదీ అదే రాయి. చెన్నై మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్న అమరావతి ఫలకాలను పాలరాతివని చాలాకాలం పిలిచారు. అవి సున్నపురాతివే.

లేపాక్షిలో రాయి వేరు, కాబట్టి శిల్పం తీరూ వేరు. అక్కడి నంది ఒకే గ్రానైట్ బండ. పెద్ద రూపం, నిండైన ఒంపులు, ఆరుబయట ఎండకూ వానకూ శతాబ్దాల తరబడి నిలిచే గట్టిదనం.

రెండు జాతులనూ ఒకే చోట చూడాలంటే రామప్ప గుడికి వెళ్లండి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గోడలు ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద నిలిచిన మదనికలు నల్లటి అగ్నిశిల. గోడకు తేలిగ్గా చెక్కుకునే ఇసుకరాయి పెట్టి, మదనికల మెడలోని హారం పూసలూ కాలి అందెలూ చెక్కవలసిన చోట సన్నటి పలుకు నల్లరాయి పెట్టారు. ఆ మదనిక ఒంటి మీద ఇప్పటికీ వెలుతురు జారుతుంది. గోడ ఇసుకరాయి మాత్రం అక్కడక్కడ రాలిపోయింది. రెంటినీ ఒకేసారి చూసి రండి. ఏ పుస్తకమూ నేర్పనంత పాఠం నేర్చుకుంటారు.

9. సున్నపురాయి ఇచ్చేది సున్నపురాయే ఇస్తుంది

గ్రానైట్‌ను ఎంత కాల్చినా సున్నం రాదు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే స్వచ్ఛమైన రాయి నూరు కిలోలకు 56 కిలోల సున్నం మిగులుతుంది. మిగతా 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తాయి. పిడుగురాళ్ల బట్టీలు బతికేది దీని మీదే. పల్నాడు, నల్లగొండ, కడప, నంద్యాల ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు అక్కడే ఎందుకు వెలిశాయో ఒక భూగర్భ పటం ముందు పెట్టుకుంటే తేలిపోతుంది.

ఈ గుణమే అమరావతికి శాపమైంది. శిథిలమైన స్తూపపు ఫలకాలను కొన్నిటిని జనం సున్నం కోసం కాల్చేశారు. గ్రానైట్ శిల్పానికి ఆ గతి పట్టి ఉండేది కాదు. బొమ్మకు వీలైన రాయే బట్టీకి కూడా వీలైంది. మన ఊళ్లో పాత శిల్పం ఏదైనా సున్నపురాయిదైతే దానికి రెండింతల కాపలా కావాలి.

10. ప్రాణం జాడ పొరల్లోనే

నిప్పులో పుట్టిన గ్రానైట్‌లో శిలాజాలు వెతకవద్దు. దొరకవు. పూర్వ జీవుల జాడలు దాదాపు అన్నీ అవక్షేప శిలల్లోనే. కడప జిల్లా వేంపల్లె డోలమైట్‌లో వంపులు వంపులుగా పేరుకున్న పొరలున్నాయి, వాటిని స్ట్రొమాటొలైట్లు అంటారు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు పాచిలా పరుచుకుని కట్టినవవి. గోదావరి లోయలోని కోట పొరల్లో రాక్షసబల్లుల ఎముకలు దొరికాయి. అక్కడ దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. సింగరేణి బొగ్గు కూడా ఆ లోయ పొరల్లోనిదే, చెట్లు కుళ్లి పూడి గట్టిపడింది. 1871లో ఇల్లెందు దగ్గర ఆ బొగ్గును కనిపెట్టింది నేను పైన చెప్పిన విలియం కింగే. ఆయన బొగ్గు కోసం కరీంనగర్ గ్రానైట్ గుట్టలు తవ్వలేదు. రాయి పుట్టుక చదివాడు కాబట్టి ఎక్కడ వెతకాలో తెలిసింది.

11. రెండూ ఒకే వంశం

తిరుమల ఘాట్ రోడ్డు మీద నాకిష్టమైన చోటు ఒకటుంది. కింద గ్రానైట్ జాతి బండ, దాని మీద పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైట్. అంటే ఒకప్పటి ఇసుకరాయి మరింత గట్టిపడింది. రెండింటి మధ్య ఒక గీత. ఆ గీత దగ్గర పదుల కోట్ల ఏళ్ల చరిత్ర కనిపించకుండా పోయింది. కింది రాయి భూమి లోపల పుట్టి, పైకి తేలి, ఎండకూ వానకూ అరిగి చదునైన తరవాతే పైపొర దాని మీద పేరుకుంది. భారత భూవిజ్ఞాన సర్వే దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. తిరుమలకు వచ్చిపోయే భక్తులు రోజూ దీని పక్కనుంచే వెళతారు.

తాండూరు వైపు వెళ్లండి, వరస తిరగబడుతుంది. అక్కడ సున్నపురాయి కింద, దక్కన్ లావా పైన. కాబట్టి అగ్నిశిల అంటే పాతది, అవక్షేప శిల అంటే కొత్తది అని బట్టీ పట్టవద్దు. ఏది దేని మీద ఉందో, ఏది దేన్ని చీల్చుకు వచ్చిందో కళ్లతో చూసి చెప్పాలి.

గ్రానైట్ ఎండకూ వానకూ చిట్లినప్పుడు ఫెల్డ్‌స్పార్ బంకమట్టి అవుతుంది, క్వార్ట్‌జ్ ఇసుక అవుతుంది. ఆ ఇసుకను ఏరు మోసుకుపోయి సముద్రంలో పోస్తే రేపటి ఇసుకరాయి అవుతుంది. అదే రాయి మళ్లీ లోతుకు దిగి కరిగితే మళ్లీ నిప్పురాయి అవుతుంది. అందుకే గ్రానైట్ గొప్పదా, నాపరాయి గొప్పదా అన్న ప్రశ్న నాకు ఎప్పుడూ నచ్చలేదు. తండ్రి గొప్పా, కొడుకు గొప్పా అని తూచడానికి తక్కెడ లేదు.

12. గుట్ట తిరిగి మొలవదు

చెరువు పూడితే మళ్లీ తవ్వుకోవచ్చు, చెట్టు పోతే మళ్లీ నాటుకోవచ్చు. 250 కోట్ల ఏళ్ల గుట్టను పలకలుగా కోసి ఓడ ఎక్కిస్తే మళ్లీ రాదు. కరీంనగర్ చుట్టుపక్కల నేను చూస్తుండగానే గుట్టలు గుంటలయ్యాయి. హైదరాబాద్‌లో ఒకదాని మీద ఒకటి నిలిచిన బండలు, వేల తరాల వాన చెక్కినవి, కాలనీల కోసం ఒక్క పూటలో పేలిపోయాయి. రాయి వాడవద్దని నేననను. రాయి వాడకుండా ఇల్లూ రోడ్డూ వంతెనా ఏదీ రాదు. కావలసినంతే తీయండి. తీసిన చోటును పూడ్చండి, లేదా నీటి గుంటగా మార్చండి. బొమ్మలున్న గుట్టనూ, శిలాజాలున్న పొరనూ, తిరుమల దారిలాంటి పాఠమున్న చోటునూ ముట్టవద్దు.

నా విద్యార్థుల్లో ఇప్పుడు ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, సర్పంచులున్నారు, వ్యవసాయం చేసేవాళ్లున్నారు. అందరికీ నేను చెప్పేది ఇదే. బండ కొనేముందు, బోరు వేసేముందు, గుట్టకు అనుమతి ఇచ్చేముందు ఒక్కసారి వంగి ఆ రాయిని చేతిలోకి తీసుకోండి. భూతద్దం పెట్టి చూడండి, మేకుతో గీయండి, ఒక చుక్క ఆమ్లం వేయండి. అందుకు పట్టేది పది నిమిషాలు. అది చేయకుండా పెట్టిన డబ్బుకు, పోయిన నీటికి, చెడిన ఆరోగ్యానికి రాయిని తప్పుపట్టే హక్కు మనకు లేదు.